నర్సు నేర్చుకున్న తెలుగు

మా వాడ టీచరమ్మ పోయింది. పోయిన శుక్రవారం తెల్లవారి నమాజు చేసుకొని, చాయ్ పెట్టమని చెల్లెలికి చెప్పి, కుర్చీలో కూర్చున్నదట. చెల్లెలు చాయ్ తెచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉన్నదట. నొప్పి అనలేదు, నీళ్లు అడగలేదు. సాయంత్రానికల్లా సిద్దిపేట మట్టిలో కలిపి వచ్చాం. పిడికెడు మట్టి నేనూ వేశాను.

మా ఇంగ్లీషు క్లాసు వాట్సాప్ గ్రూపులో మొదటి కబురు పెట్టింది ఆటో నడిపే పిల్లవాడు. "టీచర్ ఎక్స్‌పైర్డ్" అని పెట్టాడు. ఆ మాట మనుషులకు వాడరని మాకు చెప్పింది ఆమెనే. ఒకసారి క్లాసులో బట్టలు కుట్టే ఒకామె "మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్" అన్నది. ఫోన్లో మాట్లాడే ఏఐ వెంటనే తప్పు పట్టింది. ఆ మాట మందులకు, పాల ప్యాకెట్లకు వాడతారని మొదలుపెట్టింది. టీచరమ్మ ఫోను బోర్లా పెట్టేసింది. "ఎప్పుడు పోయిండమ్మా మీ నాయిన? ఏమైంది?" అని అడిగింది. ఆమె చెప్పుకొని ఏడ్చింది. మాట దిద్దుకోవడం మరునాటికి పడింది. శుక్రవారం ఆ పిల్లవాడి కబురు చూసినప్పుడు తప్పు పట్టాలని ఎవరికీ తోచలేదు. నాకైతే కన్నీళ్లకు అక్షరాలే కనపడలేదు.

నేను రాసేవాణ్ణి కాదు. ఊరి బడిలో ఏడు దాకా చదివాను. దుబ్బాకలో మగ్గం నేశాను, మోకాళ్లు పోయాక సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. మాట్లాడటం కూడా నాకు తక్కువే. కానీ ఆమె గురించి నేను చెప్పకపోతే, మా తమ్ముడు ఇవాళ నా ఎదురుగా మంచం మీద కూర్చొని జావ తాగుతున్నాడంటే ఎందుకో ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆమె సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. తురక వాడలో వాళ్లు ఆపా, అంటే అక్క, అనేవారు, మేము టీచరమ్మ అనేవాళ్లం. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, సాయంత్రం నమాజు అయ్యాక తన ముందు గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పేది. చాప పరచి ఉండేది. ఎవరి ఫోను వాళ్ల ముందు, స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టి ఉండేది. ఇప్పుడు ఫోన్లో మనిషిలాగా మాట్లాడే ఏఐ వచ్చింది కదా, దానితో మాట్లాడించేది. అయితే అందరికీ ఒకటే పాఠం కాదు. ముందు మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని ఒకటే అడిగేది.

"ఎవలతోని మాట్లాడాలె నువ్వు? ఏం మాట్లాడాలె?"

డ్రైవరు పనికి కువైట్ పోయేవాడికి రోడ్డు మాటలు. బట్టలు కుట్టే ఆమెకు కొలతల మాటలు. ఆ మనిషి సంగతంతా ఆమె ఏఐకి చెప్పి, ఆ తరువాత మాట్లాడమనేది. "దీనికి ఇంగ్లీషు మస్తు వచ్చు. గని మీరెవలో దీనికి తెల్వదు. మీరెవలో నేను చెప్త, ఇంగ్లీషు అది చెప్తది" అనేది. పాఠం అయిపోయాక ఫోనుకు "షుక్రియా" చెప్పేది. "దానికి చెవులున్నయా టీచర్?" అని ఆటో పిల్లవాడు నవ్వితే, "దానికి లేకపోతె ఏమాయె, నా నోటికి అలవాటు తప్పొద్దు గదా" అన్నది.

నేను ఆ గదికి ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్తాను.

మా తమ్ముడు మొదట మర మగ్గాల పనికి భివండి పోయాడు. తరువాత గల్ఫ్‌లో కూలి పనికి కుదిరాడు. అక్కడ పని మీదనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. మాట పోయింది, కుడి పక్క పోయింది. అక్కడి దవాఖానలో పడి ఉన్నాడు. అదే కంపెనీలో మాకు అల్లుడి వరస పిల్లవాడు ఒకడు ఉన్నాడు. వారానికోసారి చూసి వచ్చి ఫోన్ చేసేవాడు. ఎప్పుడు చేసినా ఒకటే మాట.

"స్టేబుల్‌గ ఉన్నడు మామా."

కొన్నాళ్లకు ఇంకో మాట కలిసింది. మనిషి ఎవరినీ గుర్తుపట్టడం లేదట. డాక్టర్లు ఏం చెప్పినా చేయడం లేదట. అలాంటి మనిషిని విమానంలో పంపడం కష్టమని, అక్కడే ఉండనివ్వమని కంపెనీవాళ్లు అంటున్నారట. మా వాళ్లు కూడా అదే పాట పాడారు. "ఎరుకలేని మనిషిని దెచ్చి ఏం జేస్తరే? చూసుకుంట ఏడుసుడే గదా" అన్నారు. మా మరదలు ఏమీ తేల్చుకోలేకపోయింది. నా దగ్గరికి వచ్చి, "బావా, ఆయనకు నిజంగ ఎరుక లేదా? ఒక్కసారి నువ్వు అడిగి చెప్పు. నువ్వెట్లంటే అట్ల" అన్నది.

అడగాలంటే అక్కడి నర్సును అడగాలి. ఆమెది ఫిలిప్పీన్స్ అట. ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాదు. ఇంటి మనిషి ఎవరైనా మాట్లాడతానంటే మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తుతానని అల్లుడితో చెప్పింది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు మా చుట్టాల్లో ఉన్నారు. కానీ వాళ్లు అడిగి వచ్చి నాకు సగం చెప్తారు, బాధపడతానని సగం మింగుతారు. నా చెవితో నేను వినాలనుకున్నాను.

ఇంట్లో చెప్తే మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతోనే మాట్లాడవు. నర్సుతోని మాట్లాడుతవా, గది గూడ ఇంగ్లీషుల?"

ఆ మాట నిజమే. టీచరమ్మ ఇంటి గేటు దాకా పోయేవాణ్ణి, లోపల వయసు పిల్లల నవ్వులు విని తిరిగి వచ్చేవాణ్ణి. అట్లా కొన్నాళ్లు తిరిగాను. ఒకనాడు ఆమెనే బయటికి వచ్చి నిలబడింది.

"అన్నా, రోజు గేటు దాక వచ్చి పోతున్నవ్. గేటుకు ఇంగ్లీషు నేర్పుతున్నవా ఏంది?"

నాకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చాక లోపలికి పోకుండా ఉండలేకపోయాను.

మొదటి రోజు నా కర్మ కాలింది. ఫోన్లో ఏఐ ఉషారుగా ఏదో అడిగింది. నేను నోరు తెరవలేదు. అది ఇంకోటి అడిగింది. నేను ఇంకా మొదటిదాని దగ్గరే ఉన్నాను. "ఆర్ యూ దేర్?" అన్నది.

"ఏమంటుందమ్మా?" అన్నాను.

"నీ హాబీలేందని అడిగింది. నువ్వు పలుకకపోతె, ఉన్నవా పోయినవా అంటున్నది" అన్నది టీచరమ్మ.

గదంతా నవ్వు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపలేదు, బతిమాలలేదు. నా ఫోను తీసుకొని ఇంగ్లీషులో దానికి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్క చెప్పి, అదే ముక్క నాకు తెలుగులో చెప్పింది. అందువల్ల నిలబడి వినాల్సి వచ్చింది.

"ఈయన నాకు అన్న లెక్క. మగ్గం నేసిన మనిషి. మాటలు తక్వ. తమ్ముడు పరాయి దేశం దవాఖానల ఉన్నడు. ఈయనకు హాబీలొద్దు, వారాల పేర్లొద్దు. నర్సుతోని మాట్లాడాలె. ఇయ్యాల్టి సంది నువ్వే ఆ నర్సువు. చిన్న చిన్న మాటలు చెప్పు. తొందర వెట్టకు. తప్పు పోతె నవ్వకు. మంచిగ చెప్తె పొగడకు."

"పొగిడితె ఏమైతది టీచర్?" అన్నాడు ఆటో పిల్లవాడు.

"ప్రతి మాటకు శభాష్ శభాష్ అంటె ఈయన సిగ్గుతోని సచ్చిపోతడు. నీకైతె పొగుడుమంట తియ్, నీకు ఎంత పొగిడినా సాలది."

ఆమె నన్ను చూసింది ఎంతసేపని? అయినా ఆ సంగతి ఎట్లా కనిపెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. మెచ్చుకుంటే తల వంచుకునే మనిషిని నేను. అంతకుముందు ఎవరూ గమనించినట్టు లేదు.

అంత చెప్పినా నేను ఆలోచించుకునే లోపు అది మాట్లాడేది. దానికి కూడా ఆమె ఒక ఉపాయం చూసింది. ఫోన్లో మైకు బొమ్మను బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. వేలు తీసేదాకా అది నోరు తెరవదు. "నువ్వు వేలు వెట్టి ఎంతసేపన్న ఆలోచించు. అది కూసుంటది, నేను గూడ కూసుంట" అన్నది. అట్లా నా పాఠం నడిచింది. పక్కవాళ్లు గలగలా మాట్లాడుతుంటే నేను వేలు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. మాట వచ్చాక చెప్పి, వేలు తీసేవాణ్ణి.

మొదట నేర్చింది "డిడ్ హి ఈట్". తిన్నాడా అని. ఏ మనిషి గురించి అడగాలన్నా మనకు ముందు వచ్చేది అదే కదా. తరువాత నిద్ర, జ్వరం, వీపు మీద పుండ్లు. మా అల్లుడు చెప్పే స్టేబుల్ అంటే ఏమిటని ఒకనాడు అడిగాను. నయమవుతున్నదని అనుకునేవాణ్ణి. ఆమె దాచలేదు.

"మంచిగైతలేడు, చెడ్డగైతలేడు అన్నా. యాడున్నడో గాడనే ఉన్నడు."

"మగ్గం ఆగినట్టా?"

"గట్లనే. ఆగింది గని, ఇరగలేదు."

పాఠం ముగించేటప్పుడు నేను "ఐ గో అండ్ కమ్" అనేవాణ్ణి. పోయొస్తా అని. ఏఐ ప్రతిసారీ దిద్దేది, గుడ్ బై అనాలనేది. దిద్దించుకొని దిద్దించుకొని నాకు విసుగొచ్చింది. టీచరమ్మ దాన్ని ఆపింది. "దవాఖానల ఉన్నోని దగ్గర పోతున్న అని ఎవలన్న అంటరా? ఈయనను గిట్లనే అననియ్యి" అన్నది. ఇంగ్లీషు టీచరై ఉండి, తప్పు ఇంగ్లీషును అట్లా నా చేతిలో పెట్టింది. ఏది దిద్దాలో, ఏది వదిలెయ్యాలో ఆమెకు తెలుసు.

ఇక అసలు సంగతి. ఆ రోజు ఏఐ నర్సులాగా మాట్లాడుతున్నది. డాక్టర్లు చెప్పింది మనిషి ఎందుకు చేయడం లేదని నేను అడిగాను. "రోజూ నేను చెప్తున్నాను. స్క్వీజ్ మై హ్యాండ్ అంటాను. ఆయన చేయడు" అని ఇంగ్లీషులో అన్నది. ఆ మాట నాకు తెలియక టీచరమ్మ వైపు చూశాను.

"నా చెయ్యి గట్టిగ వట్టు, అని. ఎరుక ఉన్నదా లేదా చూసుటానికి డాక్టర్లు గట్లనే అడుగుతరు" అన్నది. అని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అన్నా, మీ తమ్మునికి ఇంగ్లీషు వస్తదా?"

"నాకొచ్చినంత."

"అంటే?"

"రాదు."

"హిందీ?"

"కంపెనీల పనికి సరిపొయ్యేంత."

"మరి ఆడ నర్సు చెయ్యి వట్టుమని ఏ భాషల అడుగుతున్నది?"

  ఎరుక ఉన్నదా అని అడుగుతున్నారు సరే. అడిగింది వాడికి తెలియాలి కదా.

"నేను డాక్టర్ను కాదన్నా, ఆశ వెట్టుకోకు" అన్నది టీచరమ్మ వెంటనే. "పచ్చవాతం వస్తె తెలిసిన భాష గూడ పోతది కొందరికి. గని అడిగి చూద్దాం. ఇయ్యాల్టి సంది పాఠం మారింది. ఇగ నువ్వు నేర్చుకునుడు కాదు. నర్సుకు తెలుగు నేర్పాలె, ఇంగ్లీషుల."

ముందు ఫోనుకే నేర్పి చూద్దామన్నది. తెలుగులో అడగమని ఏఐకి చెప్పింది. అది చక్కగా, వార్తలు చదివినట్టు, "తమ్ముడూ, దయచేసి నా చేతిని గట్టిగా పట్టుకోండి" అన్నది.

"గిట్లడిగితె ఎవలో కలెక్టర్ వచ్చిండనుకుంటడు మా తమ్ముడు" అన్నాను.

గది గదంతా విరగబడి నవ్వింది. నా మాటకు పదిమంది నవ్వడం నా బతుకులో అదే మొదలు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మరి మీ ఇంట్ల ఎట్లంటరో చెప్పు" అన్నది.

"తమ్మీ, చెయ్యి వట్టు."

"గంతే?"

"గంతే."

ఆ రెండు ముక్కలు పరాయి నోటికి ఎట్లా ఎక్కించాలో ఆ వారమంతా సాధన చేశాను. "సిస్టర్, ప్లీజ్ సే ఇన్ తెలుగు." "సే స్లోలీ." "నియర్ హిజ్ లెఫ్ట్ ఇయర్." ఏఐ తెలియనట్టు నటించేది, మళ్లీ మళ్లీ అడిగేది. అట్లా నటించమని చెప్పింది టీచరమ్మనే.

ఫోన్ చేసే రోజు మా మరదలిని కూడా పిలిపించింది. తన ముందు గదిలోనే కూర్చోబెట్టింది. ఆ మధ్యాహ్నం ఏఐని ముట్టలేదు. "ఇది అసలు మనిషితోని మాట. నడుమ ఎవలొద్దు, నేను గూడ వద్దు" అని గడప దగ్గర కూర్చున్నది.

నర్సు ఎత్తింది. గబగబా మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అందలేదు.

"సిస్టర్. స్లో. ఐ యామ్ ఓల్డ్ మ్యాన్."

అవతల నవ్వు వినిపించింది. తరువాత నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. తిన్నాడట, గొట్టంతో. జ్వరం లేదట. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. "తెలుగు? వాట్ ఈజ్ తెలుగు?" అన్నది. మా భాష అన్నాను. మాట చెప్పించాను. ఆమె నోట్లో అది "తమీ, చే బట్టూ" అయింది. మా మరదలు అంత దుఃఖంలోనూ నవ్వింది.

నర్సు ఫోను పక్కన పెట్టినట్టుంది. దూరం నుంచి వినిపించింది. తమీ, చే బట్టూ. ఇంకోసారి. ఇంకోసారి, గట్టిగా. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి.

అప్పుడు నర్సు అరిచింది. భయపడి అరిచిందేమో అనుకున్నాను. అక్కడి నుంచే, "హి ఈజ్ హోల్డింగ్! స్ట్రాంగ్! హి విల్ నాట్ లీవ్ మై హ్యాండ్!" అన్నది. పట్టుకున్నాడట. వదలడం లేదట. ఆ ఇంగ్లీషును ఎవరూ నాకు తెలుగు చేయాల్సిన పని పడలేదు. నేనే మా మరదలికి చెప్పాను.

"ఎరుక ఉన్నది బిడ్డా. తీసుకొద్దాం."

పెట్టేసేటప్పుడు నాకు అలవాటైన మాటే వచ్చింది. "సిస్టర్, ఐ గో అండ్ కమ్." "ఓకే, కమ్, కమ్" అన్నది ఆమె.

తరువాతి పనులన్నీ కష్టంగానే అయ్యాయి. డాక్టరు మళ్లీ చూసి పంపవచ్చని రాశాడు, కంపెనీ ఒప్పుకుంది, అల్లుడు వెంట వచ్చాడు. తమ్ముడిని విమానంలో పడుకోబెట్టి తెచ్చారు. దవాఖాన దగ్గరని సిద్దిపేటలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం.

టీచరమ్మకు ఏమన్నా చెప్పాలని వాళ్లింటికి పోయాను. నిలబడ్డాను కానీ మాట రాలేదు. ఆమెకు వంటింట్లో పని ఉన్నట్టు అటు తిరిగి, "అన్నా, ఫికర్ చెయ్యకు, నాకు సమజైంది. పోయి తమ్మునికి అన్నం వెట్టు" అన్నది. నేను చెప్పనిది వినడం ఆమెకు ముందే అలవాటు.

ఆ తరువాత వీలున్నప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. తమ్ముడికి పోయిన మాటలు ఫోన్‌తో పలికించేది. గ్లాసు, గంజి, చెద్దరు. ఆ ఏఐకి మన తెలుగు నేర్పేది. "వచ్చాడు అనకు, వచ్చిండు అను. మీ ఊర్ల కాదు, ఈయన ఊర్ల మాట్లాడు" అని దాన్ని గదిమేది. తమ్ముడు వంకర మూతితో నవ్వేవాడు. ఇప్పుడు వాడికి చాలా మాటలు తిరిగి వచ్చాయి. సగం మింగినట్టు వస్తాయి, అయినా మాకు తెలుస్తాయి. వాడు అన్న మాటలన్నింట్లో ఆమె చెయ్యి ఉన్నది.

ఆ నర్సు అప్పుడప్పుడు, సెలవు రోజున, ఫోన్ చేస్తుంది. తమ్మి అనేది మా వాడి పేరనుకున్నది. వార్డులో అందరూ అదే పేరుతో పిలిచేవారట. ఇప్పటికీ "హౌ ఈజ్ మిస్టర్ తమ్మి?" అంటుంది. నేను దిద్దలేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం చేసింది. ఫోను మంచం మీద, మా ఇద్దరి నడుమ పెట్టాను. తమ్ముడి సంగతి చెప్పాను. నాకు మాట నేర్పిన టీచరమ్మ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉన్నాను. "హౌ ఈజ్ యువర్ టీచర్?" అన్నది. నాకు వచ్చిన కొద్ది మాటల్లోనే చెప్పాను. పొద్దున కుర్చీలో కూర్చున్నదని, చాయ్ తాగలేదని.

 నర్సు తన భాషలో, చిన్న గొంతుతో, దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అది ఇంగ్లీషు కాదు. ఒక్క ముక్క తెలియదు. నా తమ్ముడు ఎడమ చెయ్యి చాచి, ఫోనును మెల్లగా తన వైపు లాక్కొని, చెవి దాని మీదికి వంచాడు.